రీబూట్ తర్వాత నిలిచేదే లెక్క: ఆర్‌హెచ్‌సీఎస్‌ఏలో నెట్‌వర్క్, ఫైల్ ట్రాన్స్‌ఫర్ ప్రిపరేషన్ అనుభవాలు

లినక్స్ సంస్థ రెడ్‌హ్యాట్ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ల కోసం నిర్వహించే ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ సర్టిఫికేషన్, అంటే ఈఎక్స్200 పరీక్షకు సిద్ధమవుతున్న మిత్రుల కోసం ఇది రాస్తున్నాను. నేను ఈ పరీక్షను రెండుసార్లు రాశాను. మొదటిసారి తప్పి, రెండోసారి ఉత్తీర్ణుడనయ్యాను. పరీక్షలో ఏ ప్రశ్నలు వచ్చాయో బయటపెట్టబోమని మనం ఒప్పందానికి కట్టుబడతాము కనుక వాటి జోలికి వెళ్లను. రెడ్‌హ్యాట్ బహిరంగంగా ప్రకటించిన సిలబస్‌లోని రెండు అంశాలను, అంటే నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌ను కాన్ఫిగర్ చేయడం, ఒక సిస్టమ్ నుంచి మరో సిస్టమ్‌కు ఫైళ్లను సురక్షితంగా పంపడం అనేవాటిని నేను ఎలా నేర్చుకున్నానో, ఎక్కడ దెబ్బతిన్నానో మాత్రమే చెబుతాను.

ఈ పరీక్షలో ఆప్షన్లలోంచి జవాబు ఎంచుకునే ప్రశ్నలు ఉండవు. మూడు గంటల సమయం ఇచ్చి, ఇంటర్నెట్ లేని మెషిన్ల మీద పని చేసి చూపించమంటారు. 300 మార్కులకు 210 తెచ్చుకోవాలి. చేసిన మార్పులన్నీ రీబూట్ తర్వాత కూడా ఎవరూ చేయి పెట్టనవసరం లేకుండా నిలబడాలన్నది ముందే ప్రకటించిన షరతు. ఈ షరతును చదివినప్పుడు అర్థమైందనే అనుకున్నాను గాని, నా చేతి అలవాట్లు దానికి పూర్తిగా విరుద్ధంగా ఉన్నాయని చాలా ఆలస్యంగా గ్రహించాను.

నేను అమీర్‌పేటలో శిక్షణ తీసుకున్న చోట ఇచ్చిన నోట్స్ పాత వెర్షన్‌కు రాసినది. అందులో ఇంటర్‌ఫేస్ వివరాలను నెట్‌వర్క్ స్క్రిప్ట్స్ డైరెక్టరీలోని ఐఎఫ్‌సీఎఫ్‌జీ అనే సెట్టింగుల ఫైల్లో రాసి, నెట్‌వర్క్ సర్వీసును రీస్టార్ట్ చేయమని ఉండేది. 2022లో వచ్చిన రెడ్‌హ్యాట్ లినక్స్ వెర్షన్ ఆర్‌హెచ్‌ఈఎల్ 9లో ఆ సర్వీసు లేదు, ఆ స్క్రిప్టుల ప్యాకేజీ కూడా లేదు. అన్నీ నెట్‌వర్క్‌మేనేజర్ అనే సర్వీసు చేతిలోనే ఉంటాయి. కొత్త ప్రొఫైళ్లు, అంటే ఒక్కో కనెక్షన్ సెట్టింగులు, దాని సిస్టమ్ కనెక్షన్స్ డైరెక్టరీలో కీఫైల్ అనే టెక్స్ట్ ఫైల్ రూపంలో చేరతాయి. కాబట్టి మీ చేతిలోని నోట్స్ ఏ వెర్షన్‌దో మొదటి రోజే చూసుకోండి. నేను ఆ పని చేయక మూడు వారాలు పోగొట్టుకున్నాను.

ల్యాబ్ కోసం ఖర్చు పెట్టనవసరం లేదు. రెడ్‌హ్యాట్ వ్యక్తిగత డెవలపర్ సబ్‌స్క్రిప్షన్ ఉచితంగా దొరుకుతుంది. అది వద్దనుకుంటే ఆర్‌హెచ్‌ఈఎల్‌లాగే పనిచేసే ఆల్మాలినక్స్ గాని రాకీ లినక్స్ గాని సరిపోతుంది. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో కేవీఎం (లినక్స్‌లో వర్చువల్ మెషిన్లను నడిపే సదుపాయం) మీద చెరొక 2 జీబీతో రెండు వర్చువల్ మెషిన్లు పెట్టుకుని, 192.168.122.0 నెట్‌వర్క్‌లోనే సాధనంతా చేశాను. రెండు మెషిన్లు తప్పనిసరి, ఎందుకంటే అడ్రస్ సరిగా పెట్టామో లేదో పక్క మెషిన్ నుంచి పలకరిస్తే గాని తెలియదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఐపీ అడ్రస్ యాడ్ కమాండ్‌తో పెట్టిన అడ్రస్ ఆ క్షణానికి పనిచేస్తుంది, పింగ్ (అవతలి మెషిన్ పలుకుతుందో లేదో చూసే కమాండ్) వెళుతుంది, చూసేవారికి పని పూర్తయినట్టే ఉంటుంది. కాని అది కెర్నల్‌లో మాత్రమే ఉంటుంది గనుక రీబూట్ చేయగానే మాయమవుతుంది. శాశ్వతంగా ఉండాలంటే నెట్‌వర్క్‌మేనేజర్ కమాండ్ అయిన ఎన్‌ఎంసీఎల్‌ఐతో కనెక్షన్ ప్రొఫైల్‌లో రాయాలి. ఇక్కడ మరో మెలిక ఉంది: ప్రొఫైల్‌ను మాడిఫై చేసినంత మాత్రాన నడుస్తున్న ఇంటర్‌ఫేస్ మారదు, ఆ కనెక్షన్‌ను మళ్లీ అప్ చేయాలి. అంటే నడుస్తున్న స్థితి వేరు, రాసిపెట్టిన స్థితి వేరు; ఈ రెండూ ఒకటయ్యాయో లేదో ప్రతిసారీ విడివిడిగా చూసుకోవాలి.

నన్ను బాగా కష్టపెట్టిన సందర్భం ఒకటి వివరంగా చెబుతాను. ఒక రాత్రి రెండో మెషిన్‌కు గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కు దారి) ఏదీ పెట్టకుండా 192.168.122.50 అని అడ్రస్ ఇచ్చి, అడ్రస్ ఎలా రావాలో చెప్పే మెథడ్‌ను మాన్యువల్ చేసి, కనెక్షన్‌ను అప్ చేశాను. ఎక్కడా ఎర్రర్ రాలేదు. పక్క మెషిన్‌ను పింగ్ చేస్తే మాత్రం నెట్‌వర్క్ అందుబాటులో లేదన్న జవాబే వస్తోంది. ఫైర్‌వాల్ చూశాను, కేబుల్ సెట్టింగులు చూశాను, మెషిన్‌ను కూడా మార్చి చూశాను. చివరికి ఐపీ అడ్రస్ షో ఇచ్చిన అవుట్‌పుట్‌ను అక్షరమక్షరం చదివితే అడ్రస్ పక్కన 24కు బదులు 32 కనిపించింది. ప్రిఫిక్స్, అంటే అడ్రస్‌లో నెట్‌వర్క్ భాగం ఎన్ని బిట్లో చెప్పే ఈ సంఖ్య, రాయకపోతే ఎన్‌ఎంసీఎల్‌ఐ దాన్ని 32గా తీసుకుంటుంది, అంటే ఆ నెట్‌వర్క్‌లో నేనొక్కడినే ఉన్నానని మెషిన్ నమ్ముతుంది. ఆనాటి నుంచి అడ్రస్ టైప్ చేయగానే స్లాష్, దాని వెనుక ప్రిఫిక్స్ ఉన్నాయో లేదో చూడనిదే ఎంటర్ నొక్కలేదు.

ఇలాంటిదే మరొకటి మెథడ్ విషయంలో జరుగుతుంది. డీహెచ్‌సీపీ మీద, అంటే అడ్రస్ దానంతటదే వచ్చే పద్ధతిలో, నడుస్తున్న ప్రొఫైల్‌కు అడ్రస్ మాత్రం జోడించి మెథడ్‌ను ఆటోగానే వదిలేస్తే, ఇంటర్‌ఫేస్‌కు రెండు అడ్రసులూ వస్తాయి. అడిగిన అడ్రస్ కనిపిస్తోంది కదా అని మనం ముందుకు వెళ్లిపోతాము. ఒకే ఇంటర్‌ఫేస్‌కు రెండు ప్రొఫైళ్లు చేసి, రెండింటికీ ఆటోకనెక్ట్ ఉంచడం కూడా అంతే ప్రమాదం. కొత్తది చేయడం కంటే ఉన్న ప్రొఫైల్‌నే మార్చడం మేలని నా అభిప్రాయం. పేర్లను అడ్రసులుగా మార్చే డీఎన్‌ఎస్‌ను కూడా ప్రొఫైల్‌లోనే పెట్టండి. రిసాల్వ్ కాన్ఫ్ ఫైల్లో చేత్తో రాస్తే నెట్‌వర్క్‌మేనేజర్ దాన్ని తిరగరాస్తుంది. మెషిన్ పేరైన హోస్ట్‌నేమ్‌కు హోస్ట్‌నేమ్‌సీటీఎల్ కమాండ్ చాలు. ప్రాపర్టీల పేర్లను కంఠతా పట్టనవసరం లేదు: ట్యాబ్ నొక్కితే అవే వస్తాయి, పరీక్షలోనూ అందుబాటులో ఉండే ఎన్‌ఎంసీఎల్‌ఐ ఎగ్జాంపుల్స్ మ్యాన్ పేజీలో (సిస్టమ్‌లోనే ఉండే సహాయ పేజీలో) పూర్తి ఉదాహరణలున్నాయి. అడ్రస్ మార్చే పనిని మాత్రం నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్‌లో కాకుండా కన్సోల్‌లో చేయండి, లేకపోతే కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టే అవుతుంది.

ఫైల్ ట్రాన్స్‌ఫర్ తేలికని చాలామంది దీన్ని చివరికి వదిలేస్తారు. నేనూ అలాగే చేశాను. ఎస్‌ఎస్‌హెచ్ మీదుగా ఫైళ్లను కాపీ చేసే ఎస్‌సీపీలో మెషిన్ పేరు వెనుక కోలన్ పెట్టడం మరిచిపోతే ఎర్రర్ రాదు. మన మెషిన్‌లోనే ఆ పేరుతో ఒక ఫైల్ తయారవుతుంది, పంపేశామనుకుని మనం ముందుకు పోతాము. పోర్ట్ వేరైతే ఎస్‌ఎస్‌హెచ్‌కు చిన్న పీ, ఎస్‌సీపీకి పెద్ద పీ రాయాలి. ఎస్‌సీపీలో చిన్న పీకి ఫైల్ సమయాలను, పర్మిషన్లను అలాగే ఉంచమని అర్థం. డైరెక్టరీని పంపాలంటే ఆర్ ఆప్షన్ తప్పనిసరి.

డైరెక్టరీలను రెండు చోట్లా ఒకేలా ఉంచే ఆర్‌సింక్‌లో ఒక్క స్లాష్ మీదే అంతా ఆధారపడి ఉంటుంది. సోర్స్ డైరెక్టరీ చివర స్లాష్ ఉంటే అందులోని ఫైళ్లు మాత్రమే వెళతాయి, లేకపోతే ఆ డైరెక్టరీయే వెళ్లి అవతల ఒక మెట్టు లోపల కూర్చుంటుంది. డిలీట్ ఆప్షన్ కూడా తోడైతే ఈ పొరపాటు చాలా ఖరీదైనది. నా సాధన ఫైళ్లున్న డైరెక్టరీ ఒకటి ఈ కారణంగానే ఖాళీ అయింది: స్లాష్ పెట్టి, గమ్యంగా తప్పు డైరెక్టరీ ఇచ్చాను, సోర్స్‌లో లేనివన్నీ అక్కడి నుంచి తుడిచిపెట్టుకుపోయాయి. అందుకే ఎన్ ఆప్షన్‌తో ముందుగా డ్రై రన్ చేసి, ఏవి వెళతాయో, ఏవి పోతాయో చదివాకే అసలు కమాండ్ ఇవ్వడం అలవాటు చేసుకున్నాను. పంపిన తర్వాత రెండు వైపులా షా256సమ్ (ఫైల్ మారిందో లేదో తెలిపే చెక్‌సమ్) వేసి పోల్చడానికి అర నిమిషం చాలు.

పంపిన ఫైల్ చేరినంత మాత్రాన పనికొస్తుందని కూడా అనుకోకండి. హోమ్ డైరెక్టరీకి పంపిన ఒక హెచ్‌టీఎంఎల్ ఫైల్‌ను నేను ఎంవీ కమాండ్‌తో వెబ్ సర్వర్ డైరెక్టరీలోకి జరిపితే, పర్మిషన్లు సరిగ్గానే ఉన్నా బ్రౌజర్‌లో 403, అంటే అనుమతి లేదన్న ఎర్రర్ వచ్చింది. ఎంవీ చేసిన ఫైల్ తన పాత ఎస్‌ఈలినక్స్ కాంటెక్స్ట్‌ను (ఏ ప్రోగ్రామ్ దాన్ని తాకవచ్చో నిర్ణయించే భద్రతా లేబుల్‌ను) వెంట తెచ్చుకుంటుంది; ఆ లేబుల్‌ను సరిచేసే రిస్టోర్‌కాన్ ఇవ్వగానే పేజీ తెరుచుకుంది. అలాగే ఒక మెషిన్ నుంచి కనెక్షన్ కీఫైల్‌ను మరో మెషిన్‌కు కాపీ చేస్తే, దాని యజమాని రూట్ కావాలి, పర్మిషన్ 600 (యజమాని మాత్రమే చదివి, రాయగలిగేలా) ఉండాలి, లేకపోతే నెట్‌వర్క్‌మేనేజర్ దాన్ని పట్టించుకోదు. ఆ తర్వాత కనెక్షన్ రీలోడ్ కూడా ఇవ్వాలి.

మొదటిసారి పరీక్షలో నేను చివరి నిమిషం దాకా టైప్ చేస్తూనే ఉన్నాను, ఒక్కసారి కూడా రీబూట్ చేయలేదు. రెండో ప్రయత్నానికి ముందు నెలన్నర పాటు, ప్రతి సాధన చివర మెషిన్లను రీబూట్ చేసి ఒకే వరుసలో చూసేవాడిని: అడ్రస్, ప్రిఫిక్స్, రూట్, గేట్‌వేకు పింగ్, గెటెంట్‌తో పేరు రిజల్యూషన్, పక్క మెషిన్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్. ఆ రోజు పరీక్షలో కూడా పాతిక నిమిషాలు మిగిలి ఉండగానే టైపింగ్ ఆపి, రెండు మెషిన్లనూ రీబూట్ చేసి, లాగిన్ స్క్రీన్ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చుని, ఆ వరుసనే మొదటి నుంచి చివరి దాకా చూశాను.