ఆ వేయిమంది

అమ్మ మళ్ళీ బైబిల్లోని 91వ కీర్తన పంపింది. ఈసారి శుక్రవారం ఉపవాస ప్రార్థన ఆడియో. పాస్టరు అయ్యగారు చదువుతుంటే వెనకాల కీబోర్డు సన్నగా మోగుతోంది. "నీ ప్రక్కను వేయిమంది పడినను నీ కుడిప్రక్కను పదివేలమంది కూలినను అపాయము నీయొద్దకు రాదు." సరిగ్గా అక్కడే హాలంతా ఆమేన్. ఆ తరవాత అయ్యగారు, సైన్యంలో గాయాలకి కట్లు కట్టే నా పేరు చెప్పి, శత్రువుల్ని నలగ్గొట్టమనీ సరిహద్దు చుట్టూ అగ్ని ప్రాకారం కట్టమనీ ప్రభువుని అడిగారు.

కళ్ళు చెమర్చాల్సింది, చిరాకేసింది. నా చిరాకుల సంగతి మీకు కొత్త కాదు గానీ ఇది పొద్దుటినుంచీ వదలడం లేదు.

ఆ వేయిమంది ఎవరు? శత్రువులని ఆ వచనంలో లేదు. పక్కన పడేవాళ్ళంటే న్యాయంగా నా పక్కనున్నవాళ్ళే. ఎడమ పక్క తంబి, కుడి పక్క మా రెడ్డి. తంబి పర్సులో వాళ్ళమ్మ కట్టిచ్చిన విభూతి పొట్లం, రెడ్డి మణికట్టుకి తిరుమల దారం. వాళ్ళమ్మలూ ఏ దేవుణ్ణో ఇదే అడుగుతున్నారు. మరి వాళ్ళు పడిపోతే నాకేం కాదన్న చోట అంత గట్టిగా ఆమేన్ అనడానికి నోరెలా వస్తుంది? పోనీ అవతలివాళ్ళే అనుకుందాం. పదకొండు వేలమంది చావుకి చప్పట్లా?

ఇంకో సంగతి. ఈ కీర్తనని కొత్త నిబంధనలో నోరారా చెప్పినవాడు ఒక్కడే, సాతాను. దేవాలయ శిఖరం మీద యేసుని నిలబెట్టి, దూకు, దూతలు చేతులతో ఎత్తుకుంటారని రాసి ఉంది కదా అన్నాడు. మత్తయి 4లో ఉంది, లూకా 4లోనూ ఉంది. యేసు ఆ వాగ్దానం అబద్ధమనలేదు, దేవుణ్ణి శోధించకూడదన్నాడు. అంటే దాన్ని తాయెత్తులా కట్టుకోవద్దని. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాలో ఉక్కు అట్ట వేసిన చిన్న బైబిళ్ళు అమ్మేవారు, చొక్కా జేబులో గుండె మీద పెట్టుకోవడానికి. ఆ రేకు రైఫిలు తూటాని ఆపేపాటిది కాదు. మా జాకెట్లలోని గట్టి పలకలకే హద్దులున్నాయి. ఛాతీ, వీపు, పక్కలు కాస్తాయి. మెడ, చంక, గజ్జ ఖాళీ. మా పని ఎక్కువగా ఆ ఖాళీల దగ్గరే పడుతుంది.

చేతికో కాలికో తగిలితే టూర్నికే ఉంది, పుల్ల తిప్పి బిగించి రక్తం ఆపే పట్టీ. గాయానికి రెండు మూడు అంగుళాల పైన కట్టాలి, మోకాలి మీదా మోచేతి మీదా కాదు. జేబులో ఫోనో తూటాల మ్యాగజైనో ఉంటే ముందు తీసెయ్యాలి, లేకపోతే పట్టు దాని మీదే పోతుంది. రక్తం ఆగి, కింద నాడి అందకుండా పోయేదాకా పుల్ల తిప్పాలి. పాపం నొప్పంటున్నాడని సగం బిగించి వదిలేస్తే సిరలు మూసుకుంటాయి, ధమని మూసుకోదు. లోపలికి పోయే రక్తం పోతూనే ఉంటుంది, తిరిగొచ్చే దారి ఉండదు, కారడం ఇంకా ఎక్కువవుతుంది. కట్టిన టైము రాయాలి. గజ్జలోనో చంకలోనో తగిలిందా, టూర్నికేకి చోటే లేదు. గాజు గుడ్డని వేలితో గాయం అడుగుదాకా కుక్కి, ఒంటి బరువంతా వేసి కనీసం మూడు నిమిషాలు నొక్కి పట్టాలి. ఆగిందా లేదా అని మధ్యలో ఎత్తి చూడకూడదు. ఆ మూడు నిమిషాలూ నా నోట్లో ఉండేది ఈ 91వ కీర్తనే, అది వేరే విషయం. అమ్మకి చెప్పకండి.

అసలు నాకు కాలుతున్నది కీర్తన మీద కాదేమో. మనవాళ్ళు మమ్మల్ని అడిగే ప్రశ్నల మీద.

రెజిమెంటు గుడి గర్భాలయంలోకి వెళ్ళననీ హారతి ఇవ్వననీ అన్న క్రైస్తవ అధికారిని సైన్యం 2021లో తీసేసింది. 2025 మేలో ఢిల్లీ హైకోర్టు సైన్యం పక్షాన తీర్పిచ్చింది, నవంబరులో సుప్రీంకోర్టు కూడా అతని వాదన ఒప్పుకోలేదు. ఆర్టికల్ 25 ఇచ్చిన మత స్వేచ్ఛని బలగాల విషయంలో పార్లమెంటు కుదించవచ్చని ఆర్టికల్ 33లోనే ఉంది. ఆయన ప్రాంగణం దాకా వస్తానన్నాడు, లోపలికి రానన్నాడు. సైన్యమేమో, జవాన్లు ఏ దేవుడి పేరు చెప్పి ముందుకురుకుతారో అక్కడ వాళ్ళ అధికారి కూడా ఉండాలంది. నాకు ఇద్దరి బాధా అర్థమవుతుంది, తీర్పు చెప్పే స్తోమత లేదు. కానీ ఆ వారమంతా మా చర్చి సంఘం గ్రూపులో ఒకటే రభస. గడప దాటవచ్చా, ప్రసాదం తినవచ్చా, బొట్టు పెడితే ఏం చెయ్యాలి? అన్నిటికీ వచనాలతో సహా జవాబులు. మద్రాస్ రెజిమెంటు నినాదం "వీర మద్రాసీ, అడి కొల్లు, అడి కొల్లు". కొట్టు, చంపు అని ఎలుగెత్తి అరుస్తారు. అందులో ఏ దేవత పేరూ లేదు గనక మన సంఘానికి అభ్యంతరం లేదు! గడప గురించి అన్ని ప్రశ్నలొచ్చాయి. "నరహత్య చేయకూడదు" అన్న పుస్తకం చంకలో పెట్టుకుని రైఫిలెలా పట్టుకున్నావు బాబూ అని ఒక్కరూ అడగలేదు. అడిగితే నా దగ్గర జవాబుందని కాదు.

ఆల్బర్ట్ ఎక్కా పేరు జనవరి 26న ప్రసంగ పీఠం మీంచి గర్వంగా చెబుతారు. 14 గార్డ్స్ లాన్స్ నాయక్, క్రైస్తవ ఆదివాసీ, 1971 డిసెంబరు 3న ఇప్పటి బంగ్లాదేశ్‌లోని గంగాసాగర్ దగ్గర పోరాడి ప్రాణమిచ్చాడు, పరమవీర చక్ర. బాగుంది. పతకం ప్రశస్తి మాత్రం పూర్తిగా చదవరు. బంకరులోకి దూకి ఇద్దర్ని బాయొనెట్‌తో, అంటే రైఫిలు మూతికి బిగించే కత్తితో, పొడిచి లైట్ మెషిన్‌గన్ నోరు మూయించాడు. ఒళ్ళంతా గాయాలతోనే పాక్కుంటూ వెళ్ళి, ఇంకో గన్ను కూర్చున్న భవనంలోకి గ్రెనేడు విసిరి, గోడెక్కి దూకి, దాన్ని నడిపేవాణ్ణీ పొడిచాడు. బాయొనెట్ అంటే చేయి చాపినంత దూరం, మొహం కనబడుతుంది. అతనలా చెయ్యకపోతే వెనకున్న కంపెనీ సగం పోయేది. తప్పని నేననను. ఆ మధ్య వాక్యాలు దాటేసి "మన క్రైస్తవుడు దేశం కోసం" అని ముగించడం మాత్రం నాకు నచ్చదు.

పాతకాలపు సంఘం ఇలా దాటేసేది కాదు. నాలుగో శతాబ్దంలో బాసిల్ అనే బిషపు యుద్ధంలో చంపడాన్ని హత్య కింద లెక్కకట్టకూడదంటూనే, చేతులు శుభ్రంగా లేవు గనక మూడేళ్ళు ప్రభు బల్లకి, అంటే రొట్టె ద్రాక్షారసాల సంస్కారానికి, దూరంగా ఉండమని సలహా ఇచ్చాడు. ఇంకా వింతైనది ఇంగ్లండులో 1066 నాటి హేస్టింగ్స్ యుద్ధం తరవాతి సంగతి. ఇంగ్లండు మీదికి దండెత్తి గెలిచిన నార్మన్ విలియం పక్షాన పోపు ఉన్నాడు. అంటే సంఘం దృష్టిలో అది న్యాయమైన యుద్ధమే, పైగా గెలిచారు. అయినా కొన్నేళ్ళకి పోపు ప్రతినిధి ఎర్మెన్‌ఫ్రిడ్ అనే బిషపు గెలిచిన సైనికులకే ప్రాయశ్చిత్తాల పట్టిక వేశాడు. చంపానని తెలిసినవాడు చంపిన ఒక్కొక్కరికీ ఒక్కో సంవత్సరం. కొట్టాను గానీ బతికాడో చచ్చాడో తెలీదన్నవాడు మనిషికి 40 రోజులు. ఎంతమందో లెక్కే తెలియనివాడు బతికినంతకాలం వారానికో రోజు. దూరం నుంచి బాణాలు వేసిన విలుకాళ్ళకి ఎవరికి తగిలిందో ఎలాగూ తెలీదు గనక మూడు లెంటు కాలాలు, అంటే ఈస్టరుకి ముందొచ్చే నలభై రోజుల ఉపవాసాలు మూడు. నవ్వొస్తుంది, గుమాస్తా లెక్కలు! తంబికి చెబితే వాడూ నవ్వాడు. మోర్టారు వాళ్ళని విలుకాళ్ళ పద్దులో వెయ్యాలా అన్నాడు. కాసేపయ్యాక మాత్రం, మరి ఆ లెంటు అయిపోతే అయిపోయినట్టేనా అని మెల్లిగా అడిగాడు.

అవును, అదే అందులో గొప్ప. నువ్వు పాపివని ముద్ర వెయ్యడం కాదు, మోస్తున్నదానికి ఒక తారీఖు పెట్టడం. ఇప్పుడు మనకేముంది? వెళ్ళేముందు 91వ కీర్తన, లీవులో వచ్చాక శాలువా, మైకిచ్చి సాక్ష్యం, బయటికొచ్చాక కుర్రాళ్ళు "అన్నా, ఎంతమందిని లేపావు?" నేను ఎం.ఐ. రూము, అంటే యూనిట్ వైద్య గది, మనిషినిరా, కట్లు కడతానంటే వాళ్ళ మొహాలు వాడిపోతాయి.

ఇక్కడిదాకా రాసి, గెలుపు కోసం సంఘం ప్రార్థించనేకూడదు అని ముగిద్దామనుకున్నా. మళ్ళీ ఆలోచిస్తే అదీ సరికాదు. నేనీ నాలుగు ముక్కలు టైపు చేస్తున్నంతసేపూ బయట సెంట్రీ నిలబడి ఉన్నాడు. అతను ఓడిపోవాలనో, డ్రా అయితే చాలనో ప్రార్థించమనగలనా? పంపేదాకా పంపి, గెలవమని కోరుకోకపోవడం పెద్దమనిషి తరహా మోసం. అయ్యగారి "నలగ్గొట్టు ప్రభువా" కూడా మరీ అంత చెడ్డదేం కాదనిపిస్తోంది ఇప్పుడు. కీర్తనల్లో అంతకంటే ఘోరమైనవున్నాయి. 137 చివరి వచనం తీసి చూడండి, ఏ ఆదివారమూ చదవరు. కానీ ఆ కసి దేవుడి ముందు కక్కేస్తే ఆయన దగ్గరే ఉండిపోతుంది. "పగతీర్చుట నా పని" అన్నాడు కదా. కక్కకుండా మింగినవాడు దాన్ని సరిహద్దు పోస్టు దాకా మోసుకొస్తాడు. అలాంటివాణ్ణి ఖైదీ దగ్గర కాపలా పెట్టడం ప్రమాదం.

ఇంతకీ ఆ పగ వచనం రోమా 12లోది. వెంటనే, నీ శత్రువు ఆకలిగొంటే భోజనం పెట్టు, దప్పిగొంటే దాహమియ్యి అంటాడు పౌలు. సైనికులకి అందరూ చదివి వినిపించే, అధికారి ఊరకే ఖడ్గం ధరించడన్న మాట రోమా 13లోది. మధ్యలో పట్టున పది వచనాలు లేవు. ఆ అధ్యాయాల గీతలు పౌలు గీసినవి కావు, వెయ్యేళ్ళు దాటాక ఎవరో పెట్టినవి. కత్తిని సమర్థించడానికి 13 తెరిచేవాళ్ళు ఒక పేజీ వెనక్కి తిప్పాలి.

మా పనిలో ఆ పేజీకి చట్టమే ఉంది. 1949 ఆగస్టు 12 నాటి మొదటి జెనీవా ఒప్పందం 12వ అధికరణ ప్రకారం వైద్యంలో ఎవరు ముందన్నది గాయం తీవ్రతే చెప్పాలి, యూనిఫారం కాదు. మన దేశంలో 1960లో దానికి చట్టం కూడా చేశారు. అవతలివాడు దొరికితే ముందు వేరేవాళ్ళు ఆయుధాలు తీసి, ఒళ్ళంతా తడిమి, గ్రెనేడు లేదని చూస్తారు. ఆ తరవాత వాడు నాకు పేషెంటే. మనవాడికి మడమ విరిగి వాడికి తొడ ధమని తెగితే వాడే ముందు. మనవాడు బూతులు తిడతాడు, తిట్టనీ. దప్పిక అన్నాడని, వచనం గుర్తొచ్చి, పొట్టలో తూటా ఉన్నవాడికి నీళ్ళు పట్టకూడదు. గుడ్డ తడిపి పెదాలు అద్దాలి. అక్కడ రోమా 12:20 అమలయ్యేది అంతవరకే.

చిన్నప్పుడు పేపర్లో చూసిన కార్గిల్ ఫోటో ఒకటి ఇప్పటికీ పోదు. 1999 జూలై. పాకిస్తాన్ మొదట్లో వాళ్ళు తమ సైనికులే కాదంది, చాలా శవాల్ని తీసుకోలేదు. మనవాళ్ళే ద్రాస్ రాళ్ళల్లో గోతులు తవ్వి, పాకిస్తాన్ జెండా కప్పి, ఇస్లాం పద్ధతిలో పాతిపెట్టారు. అంత ఎత్తులో గొయ్యి తవ్వడం ఎంత కష్టమో ఫోటో చూసినవాళ్ళకి తెలీదు. నాలుగు దెబ్బలు వేస్తే ఊపిరందదు, గునపం రాయి మీంచి ఎగిరొస్తుంది. ముందురోజు దాకా పైనుంచి తమవాళ్ళ మీద కాల్చినవాళ్ళ కోసం ఆ చెమట. టైగర్ హిల్ దగ్గర చనిపోయిన పాకిస్తాన్ కెప్టెన్ కర్నల్ షేర్ ఖాన్ (కర్నల్ అన్నది హోదా కాదు, పేరే) జేబులో మన బ్రిగేడియర్ బాజ్వా, ఇతను ధైర్యంగా పోరాడాడని చీటీ రాసి పెట్టి పంపాడు. తరవాత వాళ్ళ దేశం అతనికి తమ అత్యున్నత సైనిక పతకం నిషాన్-ఎ-హైదర్ ఇచ్చింది. ఈ సంగతి ఏ సంఘంలోనూ సాక్ష్యంగా నేను వినలేదు. అయితే చేసినవాళ్ళలో ఎక్కువమంది మన పుస్తకం చదివినవాళ్ళు కాదు గనక ఎలా వాడుకోవాలో తెలీదనుకుంటా.

దేశ నీతి అంటూ టీవీలో అరిచేవాళ్ళ గురించి రాద్దామని మొదలుపెట్టి ఎటో పోయాను. పదమూడో శతాబ్దపు క్రైస్తవ వేదాంతి అక్వినాస్ న్యాయమైన యుద్ధానికి మూడు షరతులు పెట్టాడు. ప్రకటించే అధికారం, సరైన కారణం, సరైన ఉద్దేశం. మొదటి రెండూ జవాను చేతిలో ఉండవు. మేం రాజ్యాంగం మీద ప్రమాణం చేసి, నేల, నీరు, గాలి, ఎటు పంపితే అటు, ప్రాణం మీదికొచ్చినా వస్తామన్నాం. ఆర్మీ చట్టం సెక్షన్ 41 కూడా శిక్షించేది చట్టబద్ధమైన ఆజ్ఞని మీరితేనే. ఆ ఒక్క మాటా మాకు మిగిల్చిన సందు. మిగతాదంతా ఓటేసి పంపినవాళ్ళది, వాళ్ళేమో దాన్ని దేవుడి మీదికి తోసి ఆమేన్ అంటున్నారు.

క్రిస్మస్‌కి పాద్రీ సాబ్ వస్తారంటున్నారు. ఆయన్ని అడగాల్సినవి రాసి పెట్టుకున్నా. 137 చివరిదాకా చదువుతారా? తంబి లెంటు సంగతేంటి, వాడు మనవాడు కాదుగా? ఇంకోటి నాది. ఎర్ర క్రాసు పట్టీ ఎడమ చేతికి కట్టుకున్నవాడు కూడా తన పేషెంట్లని కాపాడుకోడానికి ఆయుధం వాడొచ్చని ఆ ఒప్పందం 22వ అధికరణ అంటోంది. వాడితే బాసిల్ చెప్పిన మూడేళ్ళు నాకూ వర్తిస్తాయా, కట్టిన కట్లకి ఏమైనా తగ్గింపు ఉంటుందా? ఆయన నవ్వేసి ముందు టీ తెప్పించమంటారు, తెలుసు. తెప్పిస్తా గానీ ఈసారి వదలను.