రేటు కోసం మనం ఆగినా వడ్డీ ఆగదు

చిత్తూరు, పీలేరు, పలమనేరు వైపు నుంచి కువైట్ పోయిన వాళ్లలో చాలామందికి ఇంటి దగ్గర అప్పు ఉంటుంది. వీసాకు, టికెట్టుకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు అది. అయినా జీతం చేతికి రాగానే కువైట్ దినారుకు ఎన్ని రూపాయలో రేటు చూసి, "ఇంకో నాలుగు రోజులు ఆగుదాం, పెరుగుతుంది" అంటారు. పొదుపు పేరుతో చేసే పనుల్లో ఎక్కువ నష్టం తెచ్చేది ఇదే.

దినారు 280 రూపాయలు అనుకుందాం. 150 దినార్లు పంపితే 42,000. పది రోజులు ఆగాక రేటు అర్ధ రూపాయి పెరిగితే కలిసొచ్చేది 75 రూపాయలు. అదే 42,000 మీద రెండు రూపాయల వడ్డీ రోజుకు 28, పది రోజులకు 280. అంటే ఆ పది రోజుల్లో దినారు దాదాపు రూపాయి తొంభై పైసలు పెరిగితేనే లెక్క సరిపోతుంది. తగ్గిందా, రెండు వైపులా దెబ్బే. అప్పు లేని వాళ్లు ఆగొచ్చు, ఈలోగా ఇంట్లో వాళ్లు బడి ఫీజుకు నగ తాకట్టు పెట్టే అవసరం రాకపోతే.

శుక్రవారం సెలవంతా డబ్బు పంపే నాలుగు ఎక్స్చేంజీలు తిరగడం కూడా అంతే. బోర్డు మీద రేటు ఒక్కటే చూస్తే మోసపోతాం, చార్జీ వేరుగా పడుతుంది. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "నేను 150 దినార్లు ఇస్తే, చార్జీ పోను ఇంటి ఖాతాలో ఎన్ని రూపాయలు పడతాయి?" ఫోన్లోనే ఇద్దరిని అడిగితే తేలిపోతుంది. డబ్బు పంపిన ప్రతిసారీ చార్జీ పడుతుంది కాబట్టి, ఒక దినారు చార్జీ ఉన్నచోట నెలకు మూడుసార్లు పంపితే అదనంగా 560 రూపాయలు పోతాయి. ఒకేసారి పంపడంలోనే అసలు పొదుపు ఉంది.

రూపాయి ఎక్కువ ఇస్తారని హుండీలో, అంటే బ్యాంకు, ఎక్స్చేంజీ లేకుండా ఏజెంటు చేతి మీదుగా, పంపొద్దు. చేతిలో రసీదు ఉండదు, డబ్బు చేరకపోతే ఎవరినీ అడగలేం. అది విదేశీ డబ్బు లావాదేవీల చట్టం ఫెమాకు విరుద్ధం కూడా. ఇంకో ప్రమాదం ఇప్పుడు ఎక్కువైంది: మన ఇంటి ఖాతాలో డబ్బు వేసేది ఎవరో తెలియని మనిషి. ఆ ఖాతా సైబర్ మోసం కేసులో ఉంటే మన ఖాతా కూడా నిలిపేయొచ్చు. విడిపించుకోవడానికి ఇంట్లో ఆడవాళ్లు స్టేషన్ చుట్టూ, బ్యాంకు చుట్టూ తిరగాలి.

టికెట్టు పది దినార్లు తక్కువని హైదరాబాదుకు కొనేవాళ్లున్నారు. అక్కడి నుంచి చిత్తూరుకు రాత్రంతా బస్సు, పెట్టెలతో. చెన్నైలో దిగితే సుమారు 150 కిలోమీటర్లే. కుప్పం, పలమనేరు వాళ్లు బెంగళూరు కూడా చూసుకోవాలి. దారిలో విమానం మారేలా రెండు వేర్వేరు టికెట్లు కొంటే మొదటి విమానం ఆలస్యమైనప్పుడు రెండోదానికి డబ్బు వాపసు రాదు, సామాను మళ్లీ మనమే తీసి వేయాలి.

ఇక సామాను. పాలపొడి, షాంపూ, సబ్బులు ఇప్పుడు మన ఊళ్లోనూ దొరుకుతున్నాయి. వాటితో బరువు దాటితే కౌంటర్ దగ్గర కట్టే డబ్బు వస్తువుల ధరనే మించుతుంది. చేతి త్రాసు ఒకటి రూములో అందరికీ కలిపి కొనుక్కుంటే చాలు.

బంగారంలో కూడా తేడా ఎప్పుడూ ఒకేలా ఉండదు. 2024 జులైలో దిగుమతి సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించినప్పుడు అక్కడి ధరకూ ఇక్కడి ధరకూ దూరం తగ్గింది. ఏడాదికి మించి బయట ఉన్న మగవాళ్లకు 20 గ్రాములు, ఆడవాళ్లకు 40 గ్రాముల సుంకం మినహాయింపు నగలకే, బిస్కెట్లకు, కాసులకు కాదు. పైగా అక్కడ కొన్న నగ ఇంట్లో నచ్చక ఇక్కడ మార్పిస్తే రెండుసార్లు కూలి కట్టినట్టు.

తిండి దగ్గర పొదుపు మాత్రం కొలత తెలిసి చేయాలి. నలుగురు కలిసి వండుకోవడం మంచిదే, తప్పకుండా చేయాలి. కానీ రాత్రి వండి బయటే వదిలేసిన అన్నాన్ని జూన్, జులై ఎండలో సైటుకు తీసుకుపోవద్దు. అన్నంలో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా విషం మళ్లీ వేడి చేసినా పోదు, వాంతులు మొదలవుతాయి, ఆ రోజు కూలి పోతుంది. వండిన గంటలోపు పలుచగా పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి, పొద్దున ఐస్ ప్యాకుతో పాటు డబ్బాలో సర్దుకోవాలి. ఫ్రిజ్ లేని రూములో అయితే ఆ పూటకు ఖుబ్బూస్ రొట్టె కొనుక్కోవడమే మేలు.