మిద్దె ఇంట్లో ‘లవ్‌లెస్’: ఎలా వినాలి, ఎలా వాయించాలి

ఐరిష్-ఇంగ్లీష్ రాక్ బ్యాండు మై బ్లడీ వాలెంటైన్ ‘లవ్‌లెస్’ ఆల్బమ్ 1991 నవంబరు 4న క్రియేషన్ రికార్డ్స్ ద్వారా వచ్చింది. 11 పాటలు, 48 నిమిషాల పైచిలుకు. కొత్తగా విన్నవాళ్ళు దాని గురించి మూడు మాటలంటారు. గిటార్లు వందేసి పేర్చారని ఒకటి, పాట మాటలు వినబడవని ఇంకొకటి, టేపు సాగిపోయినట్టుందని మరొకటి. మొదటిది నిజం కాదు. రెండోది నిజమే, కావాలనే అలా చేశారు. ఆల్బమ్ గుట్టంతా మూడోదాంట్లో ఉంది. శ్రుతి నిజంగానే కిందికి జారి మళ్ళీ పైకి వస్తూ ఉంటుంది, కానీ జార్చేది టేపు కాదు, బ్యాండు గిటారిస్టు కెవిన్ షీల్డ్స్ కుడిచేయి. ఆ చేతిని పట్టుకుంటే 11 పాటలూ విడిపోయి స్పష్టంగా కనబడతాయి. పట్టుకోకపోతే ఎంతసేపు విన్నా హోరే.

గిటారు వంతెన (బ్రిడ్జ్) దగ్గర ఉండే ఇనుప పిడిని మనవాళ్ళు వామీ బార్ అంటారు. దాన్ని నొక్కితే తీగల బిగువు తగ్గి శ్రుతి దిగుతుంది, వదిలితే యథాస్థానానికి వస్తుంది. మామూలు రాక్ గిటారిస్టు ఒక స్వరం మోగించి, ఆ తర్వాత పిడి పట్టుకుని ఊపుతాడు. షీల్డ్స్ అలా కాదు. పిడిని అరచేతిలోనే ఉంచుకుని అదే చేత్తో తీగలన్నీ మీటుతాడు. అందుకని ప్రతి మీటుకూ కార్డు, అంటే కలిసి మోగే స్వరాల గుత్తి, మొత్తం ఒకింత వంగి ఉంటుంది. ఫెండర్ జాజ్‌మాస్టర్, జాగ్వార్ గిటార్ల మీద ఆయన పట్టు సాధించిన పద్ధతి ఇది. ఆల్బమ్ అట్టమీద గులాబీరంగులో మసకగా ఉన్నదీ గిటారే.

కర్ణాటక సంగీతం చెవిన పడుతూ పెరిగినవాళ్ళకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. స్వరం ఒకచోట మేకు కొట్టినట్టు నిలబడదనీ, అటూ ఇటూ కదులుతూనే తన స్థానం చెబుతుందనీ మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. తేడా ఎక్కడంటే, వీణలో మెట్టు మీద తీగను పక్కకు లాగితే శ్రుతి పెరుగుతుంది, పైగా ఒక్క తీగే కదులుతుంది. ఇక్కడ ఆరు తీగలూ ఒకేసారి కిందికి దిగుతాయి. అన్నీ సమానంగా దిగవు. సాధారణంగా లావు తీగలు ఎక్కువ, సన్నవి తక్కువ. ఆ కాస్త తేడా వల్ల తీగల మధ్య అలలు పుడతాయి. మనం ‘వంద గిటార్లు’ అనుకునేది చాలాచోట్ల ఆ అలలనే.

స్టూడియోలో షీల్డ్స్ ఎంచుకున్న ఇంకో దారి కూడా తెలిసి ఉండాలి. అప్పట్లో గిటారును రెండుసార్లు రికార్డు చేసి ఎడమా కుడీ చెరొకటి పెట్టి వెడల్పు చేసేవారు, ఒక గిటారును పలు గిటార్లలా వినిపించే కోరస్ పెడలు కలిపేవారు. ఆయన రెండూ వద్దన్నాడు. గిటారును ఎక్కువగా మోనోలో, అంటే ఎడమ కుడి తేడా లేకుండా, సరిగ్గా నడిమధ్యన పెట్టాడు. కీబోర్డో పిల్లనగ్రోవో అనిపించే రాగాల్లో చాలావరకు గిటారు ఫీడ్‌బ్యాకే, అంటే ఆంప్లిఫయరు శబ్దం మళ్ళీ తీగలకు తగిలి పుట్టే కూత. దాన్ని శాంప్లర్‌లోకి, అంటే శబ్దపు ముక్కలను దాచుకుని మళ్ళీ మోగించే యంత్రంలోకి, ఎక్కించి మీటల మీద వాయించారు. డ్రమ్మర్ కోల్మ్ ఓ కీసోగ్ ఆరోగ్యం బాగాలేక, అతను వాయించగలిగినంత వాయించిన ముక్కలనే శాంపిళ్ళుగా పేర్చి చాలా పాటలకు తాళం కట్టారు. డెబీ గూజ్ పేరు బాసిస్టుగా ఉన్నా, రికార్డులో బాస్ కూడా షీల్డ్సే వాయించాడు. 1989లో మొదలై 1991 దాకా, దాదాపు 19 స్టూడియోలు మారుతూ సాగిన పని ఇది.

ఇక మన ఇళ్ళ సంగతి. కడప, కర్నూలు, అనంతపురం వైపు మిద్దె ఇల్లంటే పైన సిమెంటు స్లాబు, కింద కడప బండలో బేతంచెర్ల బండలో తాడిపత్రి బండలో, చుట్టూ సున్నం గోడలు. మెత్తటిదంటూ ఏదీ లేదు. గది నడుమ నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టండి. చివర్లో టర్ర్‌మని చిన్న మోత వినిపిస్తే, ఎదురెదురు గోడలు శబ్దాన్ని బంతాడుతున్నట్టు. మామూలు సినిమా పాటకు అది పెద్దగా అడ్డురాదు, గాయకుడి గొంతు ముందుంటుంది కాబట్టి. ‘లవ్‌లెస్’లో గొంతు గిటారు వెనకాల ఉంటుంది. గది మోత ఇంకాస్త కలిస్తే గొంతు పూర్తిగా మునిగిపోతుంది.

కింది శబ్దాల లెక్క వేరు. 10 అడుగుల దూరంలో ఎదురెదురు గోడలుంటే సుమారు 56 హెర్ట్జ్ దగ్గర, 12 అడుగులకైతే 47 దగ్గర గది తనంతట తాను గుమ్మని మోగుతుంది. స్పీకరును మూలన పెడితే అది ఇంకా పెరుగుతుంది. కాబట్టి స్పీకర్లను మూలలనుంచి కనీసం రెండడుగులు ఇవతలికి జరపండి. రెండు పాత బొంతలు మడతపెట్టకుండా పరిచి, ఒకటి స్పీకర్లకూ మీకూ మధ్య బండల మీద వేయండి, ఇంకొకటి మీ వీపు వెనక గోడకు వేలాడదీయండి. బొంత గోడకు అంటుకుని ఉండేకంటే నాలుగు వేళ్ళ ఎడం ఉంటే ఎక్కువ పీల్చుకుంటుంది. బొంతలు పై శబ్దాల మోతనే తగ్గిస్తాయి, గుమ్మనే మోతను ఆపలేవు. దానికి స్పీకరు జరపడం, మీరు కూర్చునే చోటు మార్చడమే మందు. గది సరిగ్గా నడిమధ్యన మాత్రం కూర్చోవద్దు.

ఎవరూ పట్టించుకోని శత్రువు సీలింగ్ ఫ్యాను. మూడు రెక్కల ఫ్యాను నిమిషానికి 300 చుట్లు తిరిగితే, సెకనుకు 15 సార్లు ఏదో ఒక రెక్క మీ నెత్తిమీదుగా పోతుంది. స్లాబుకు తగిలి వచ్చే శబ్దాన్ని ఆ రెక్కలు తరిగి పంపుతాయి. మామూలుగా గమనించం. కానీ ఈ ఆల్బమ్ అంతా సన్నని కదలికల మీదే నడుస్తుంది. పైనుంచి ఇంకో కదలిక వచ్చి పడితే షీల్డ్స్ చేయి ఏదో ఫ్యాను ఏదో తెలియదు. మే నెలలో అనంతపురంలో ఫ్యాను ఆపి కూర్చోమని ఎవరికీ చెప్పలేం. ఒకపక్కన టేబుల్ ఫ్యాను పెట్టుకోండి, లేదా తెల్లవారుజామున వినండి. హెడ్‌ఫోన్లైతే ఈ బాధే లేదు.

ఫోన్లో వినేవాళ్ళు బాస్ బూస్ట్, సరౌండ్, 3డి వంటివన్నీ ఆపేయాలి. ఇది ఇష్టాయిష్టాల మాట కాదు. సరౌండ్ బటన్లు సాధారణంగా ఎడమ కుడుల తేడాను పెంచి మధ్యలో ఉన్నదాన్ని పలచన చేస్తాయి. ఈ ఆల్బమ్‌లో అసలు సరుకు మధ్యలోనే ఉంది. అందుకే రెండు స్పీకర్ల చవక సెట్టు కన్నా, ఒక్క మంచి స్పీకరు మీద ఇది బాగుంటుంది. 2021లో డొమినో రికార్డు కంపెనీ ద్వారా స్ట్రీమింగ్‌లోకి వచ్చాక వెతుక్కునే పని తప్పింది. ఇవాళ్టి పాటల కంటే పాత సీడీ తక్కువ శబ్దంతో మోగుతుంది, వాల్యూమ్ ఇంకాస్త పెంచాలి. చెవులు గుయ్యిమనేంత మాత్రం వద్దు.

ఏ పాటతో మొదలుపెట్టాలి? వరసలో మొదటిదైన ‘ఓన్లీ షాలో’తో కాదు, ఎనిమిదోదైన ‘సమ్‌టైమ్స్’తో. అందులో డ్రమ్స్ దాదాపు లేవు. మసక గిటారు అడుగున ఇంకో గిటారు మీటు స్పష్టంగా తెలుస్తుంది, పైన షీల్డ్స్ గొంతు. పొరలు తక్కువ కాబట్టి కార్డు వంగడం తేలిగ్గా పట్టుబడుతుంది. తర్వాత ‘వెన్ యూ స్లీప్’. ఆ పైన ‘ఓన్లీ షాలో’కి రండి. నాలుగు స్నేర్ డ్రమ్ము దెబ్బలు, వెంటనే ఏనుగు ఘీంకరించినట్టు ఒక శబ్దం. రెండు ఆంప్లిఫయర్లను ఎదురెదురుగా పెట్టి, రెండింటి ట్రెమొలోనూ (శబ్దాన్ని పెంచుతూ తగ్గించే ఊపు) వేర్వేరు వేగాల్లో తిప్పి, మధ్యలో మైకు పెట్టి పట్టారు దాన్ని. పట్టినదాన్ని తిరగేసి శాంప్లర్‌లోకి ఎక్కించి, పొరమీద పొర వేశారు. ‘టు హియర్ నోస్ వెన్’ ఆఖరున వినండి. అది అన్నిటికన్నా కష్టమైనది, నా లెక్కలో అన్నిటికన్నా గొప్పది. తాళం ఎక్కడో అడుగున గుడగుడలాడుతూ ఉంటుంది, మిగతాదంతా నీళ్ళలో వెలుగు. ‘టచ్డ్’ నిమిషం కూడా లేని ముక్క, కోల్మ్ కూర్చింది. ‘సూన్’ ఆల్బమ్ కంటే ముందే 1990లో ‘గ్లైడర్’ ఈపీలో (కొద్ది పాటల చిన్న రికార్డు) వచ్చింది, ఏడు నిమిషాల చిందుపాట.

వాయించాలనుకునేవాళ్ళకు జాజ్‌మాస్టర్ అక్కర్లేదు. వామీ బార్ ఉన్న చవక స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) నమూనా గిటారు చాలు. కానీ కొట్టు నుంచి వచ్చినట్టు వాడితే రెండు నిమిషాల్లో శ్రుతి పోతుంది. పని ఈ వరసలో చేయాలి.

ముందు కొత్త తీగలు, 10-46 సెట్టు. వెనక మూత విప్పి మూడు స్ప్రింగులు ఉంచండి. వాటిని పట్టి ఉంచే రెండు స్క్రూలను వదులు చేస్తూ, వంతెన వెనక అంచు గిటారు ఒంటినుంచి 2, 3 మిల్లీమీటర్లు లేచేలా చూడండి. ఒక తీగ బిగిస్తే మిగతావి దిగుతాయి, కంగారుపడొద్దు. మూడు నాలుగు చుట్లు తిరిగి శ్రుతి చేస్తే కుదురుకుంటుంది. తీగలు వెళ్ళే పై గాడుల్లో 2బి పెన్సిలు రుద్దండి. తీగ గాడిలో ఇరుక్కుని తిరిగి రాకపోవడమే శ్రుతి పోవడానికి అసలు కారణం, బిరడాలు కాదు. పిడి మరల మీద ప్లంబర్లు వాడే తెల్లటి టెఫ్లాన్ టేపు బిగించే దిశలోనే రెండు మూడు చుట్లు చుట్టండి. అప్పుడు పిడి టకటకలాడదు, వదిలిన చోట నిలుస్తుంది, పూర్తిగా లోపలికి దిగకుండా కొంచెం ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తే మీటే చేతికి అనుకూలం.

శ్రుతి విషయంలో షీల్డ్స్ పాటకో అమరిక వాడతాడు. సాధనకు తేలికైనది ఒకటి చెబుతాను, ఇది ఆల్బమ్‌లోది కాదు. లావు తీగ నుంచి వరసగా డి, ఎ, డి, ఎ, ఎ, డి. అంటే మూడో తీగ రెండు మెట్లు పెంచాలి, రెండోది, ఒకటోది, ఆరోది రెండేసి మెట్లు దించాలి. డి షడ్జమం అనుకుంటే మీ చేతిలో ఉన్నది స, ప తప్ప ఇంకేమీ లేని తంబూరా. మూడు, రెండు తీగలు ఒకే శ్రుతి. పిడి నొక్కగానే ఆ రెండూ ఒకేలా దిగవు, అల మొదలవుతుంది. ఎక్కువ డిస్టార్షన్‌లో (శబ్దాన్ని కావాలనే గరగరలాడించడం) గాంధారం ఉన్న నిండు కార్డు బురదైపోతుంది, స ప మాత్రం శుభ్రంగా నిలుస్తాయి.

పిక్కు బొటనవేలు, చూపుడువేలు మధ్య, పిడి చిటికెన, ఉంగరపు వేళ్ళ కింద. మణికట్టుతో కాకుండా మోచేతితో మీటండి, చేయి కిందికి వెళ్ళేటప్పుడు దాని బరువే పిడిని కొంచెం నొక్కుతుంది. ఎంత దిగాలో ఫోన్లో ట్యూనర్ పెట్టి చూసుకోండి. 30 నుంచి 50 సెంట్లు (ఒక మెట్టుకు నూరు సెంట్లు), అంటే ఒక మెట్టులో సగం దాకా. అంతకు మించితే తల తిరుగుతుంది. ఎక్కువమంది చేసే పొరపాటు, మీటే వేగంలోనే పిడినీ ఊపడం. మీటు ఎనిమిది దెబ్బలు పడేలోగా పిడి ఒక్కసారి దిగి లేవాలి. కోరస్ పెడలు కొని ఇదే వస్తుందనుకుంటే రాదు. పెడలు ఊపు మీటుతో సంబంధం లేకుండా ఒకే వేగంలో తిరుగుతుంది, చెవి దాన్ని వెంటనే పసిగడుతుంది.

గిటారు టోను 4 దగ్గర, డిస్టార్షన్ సగం, ఆ తర్వాత రివర్స్ రివర్బ్. యమహా ఎస్‌పిఎక్స్ 90 యంత్రంలో షీల్డ్స్ వాడింది ఇదే. దీన్ని చాలామంది రికార్డింగును తిరగేసి రివర్బ్ కలిపి మళ్ళీ తిరగేసే పద్ధతితో కలిపేస్తారు. అది వేరు, అందులో శబ్దానికి ముందే నీడ వస్తుంది. ఇందులో మీటిన తర్వాత ప్రతిధ్వనులు చిన్నగా మొదలై, పెరిగి, చటుక్కున తెగుతాయి. మీటు తాలూకు గీత చెరిగిపోయి ఉబ్బు మాత్రమే మిగులుతుంది. నిడివి 200 నుంచి 300 మిల్లీసెకన్లు, అసలు శబ్దం సున్నా, రివర్బ్ నూరు శాతం. అసలు శబ్దం కాస్త కలిసినా మాయ పోతుంది.

డిస్టార్షన్ పెంచగానే గుర్‌ర్ అని హమ్ మొదలైతే, తీగలను ముట్టుకుని చూడండి. ముట్టగానే తగ్గితే ముందు ఇంటి ఎర్త్ చూపించుకోవాలి. మన వైపు ఎండాకాలం నేల బొత్తిగా ఎండిపోయి ఎర్త్ గుంత సరిగా పని చేయదు. బొగ్గు, ఉప్పు వేసిన గుంతైనా వారానికి రెండు బిందెల నీళ్ళు పోయాలి, ఎలక్ట్రీషియన్ చేత ఒకసారి కొలిపించాలి. హమ్ పోతుందని ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను తీసేసేవాళ్ళున్నారు, ప్రాణం మీదికి వస్తుంది, చేయొద్దు. ఎర్త్ బాగున్నా జుయ్యిమంటుంటే ఫ్యాను రెగ్యులేటరు కారణం కావచ్చు. ఫ్యాను పూర్తి వేగంలో పెడితేనో పూర్తిగా ఆపితేనో ఆ మోత తగ్గుతుంది.

గొంతు సంగతి చివర్లో పెట్టుకోండి, వాళ్ళూ అలాగే చేశారు. బ్యాండు గాయని, గిటారిస్టు బిలిండా బుచర్ అప్పుడే నిద్రలేచి పాడిన టేకులు (ఒక్కోసారి పాడి రికార్డు చేసినవి) ఇందులో ఉన్నాయి. ఇంజనీర్లకు కనబడకుండా కిటికీకి తెర కట్టి పాడారు. ఒకే వరసను చాలాసార్లు పాడి అన్నీ కలిపేశారు, అందుకే గొంతుకు అంచులు ఉండవు. ఇంట్లో చేసేటప్పుడు మైకుకు జానెడు దూరంలో, పక్కగదికి వినబడనంత మెల్లగా, కనీసం ఆరు టేకులు పాడండి. అచ్చులు సాగదీసి, హల్లులు తేలిగ్గా తాకించి వదలండి. ఆరు టేకుల్లో ‘ట’, ‘చ’లు ఒకేచోట పడవు, వడగళ్ళలా టపటపలాడతాయి. ఒక్క టేకులోనే హల్లులు ఉంచి, మిగతా అయిదింటిలో మింగేస్తే సరిపోతుంది. గిటారు మోగుతున్నప్పుడు మాట అర్థం కాక, ఆగినప్పుడు మాత్రమే గొంతు ఉందని తెలిసేంతవరకు వాల్యూమ్ దించి, అక్కడినుంచి రెండు డెసిబెల్స్ పెంచండి.