బ్యాలీ 'ఎయిట్ బాల్' (1977) బాగుచేత: బోర్డు నుంచి ఫ్లిప్పర్ల దాకా

యంత్రం: బ్యాలీ కంపెనీ చికాగోలో 1977లో తయారుచేసిన 'ఎయిట్ బాల్', నలుగురు ఆడే పిన్‌బాల్ (ఉక్కు బంతిని ఫ్లిప్పర్లనే రెక్కలతో కొట్టి స్కోరు చేసే ఆట). రూపకల్పన జార్జ్ క్రిస్టియన్, బొమ్మలు పాల్ ఫారిస్. తయారైనవి 20,230. ఈ లెక్కను 1992లో వచ్చిన 'ఆడమ్స్ ఫ్యామిలీ' 20,270తో దాటేదాకా 15 ఏళ్లు ఏ పిన్‌బాలూ అందుకోలేదు.

అన్ని ఎలా అమ్ముడుపోయాయో అర్థం కావాలంటే ఆట నియమం చూడాలి. 1, 3వ ఆటగాళ్లు 1 నుంచి 7 అంకెల బంతులు, 2, 4వ వాళ్లు 9 నుంచి 15 సేకరించాలి. ఆ తర్వాతే 8. బార్‌లో పూల్ బల్ల చూసినవాడికెవరికీ దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. అసలు సంగతేమిటంటే, మొదటి బంతితో మూడు సేకరించి బంతి పోగొట్టుకున్నా, మళ్లీ మీ వంతు వచ్చేసరికి ఆ మూడూ వెలుగుతూనే ఉంటాయి. నలుగురికి ఏడేసి చొప్పున 28 గుర్తులు. పాత రిలేల (కరెంటుతో పనిచేసే మెకానికల్ స్విచ్‌ల) యంత్రంలో ఇంత గుర్తుపెట్టుకోవాలంటే ఒక బీరువాడు వైరింగు కావాలి. మైక్రోప్రాసెసర్ బోర్డుకు నాలుగు బైట్లు చాలు. న్యూయార్క్ నగరం పిన్‌బాల్ నిషేధం ఎత్తేసిన మరుసటి ఏడాదే ఇది రావడం కూడా కలిసొచ్చింది.

ఇవాళ ముందుగా చచ్చేది కూడా ఆ బోర్డే.

1వ వారం: ఎంపీయూ బోర్డు (ఆటను నడిపే ఆ మైక్రోప్రాసెసర్ బోర్డు), మోడల్ ఏఎస్-2518-17. దీని మీద 3.6 వోల్టుల నికెల్-కాడ్మియం బ్యాటరీ ఉంటుంది. అది కారితే క్షారం రాగి గీతలను తినేస్తుంది. ముందు దెబ్బతినేది దగ్గర్లో ఉన్న రీసెట్ సర్క్యూట్, జే4 కనెక్టర్, యూ8 చిప్పు కూర్చునే సాకెట్. బ్యాటరీ కత్తిరించి తీశాక వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దాలి. నురగ ఆగాక మంచినీళ్లతో, చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగాలి. పచ్చటి చిలుము పట్టిన చోట రాగి మెరిసేదాకా గీకనిదే టంకం అంటుకోదు. చిలుము మీదే టంకం వేస్తే ఆరు నెలల్లో మళ్లీ ఊడుతుంది.

కొత్త బ్యాటరీని బోర్డు మీద పెట్టొద్దు. మూడు ఏఏ సెల్స్‌ను డబ్బాలో పెట్టి, వైరుతో పెట్టె అడుగుకు దించాలి. ప్లస్ వైరులో ఒక డయోడ్ తప్పనిసరి. లేకపోతే బోర్డు ఆ మామూలు సెల్స్‌ను కూడా చార్జ్ చేయబోతుంది, అవీ కారతాయి. బ్యాటరీ లేకపోయినా ఆట ఆడుతుంది. పోయేది అత్యధిక స్కోరు, లెక్కలు, అంతే.

2వ వారం: ఎల్ఈడీ లెక్క. పవర్ ఇవ్వగానే బోర్డు మీది ఎల్ఈడీ ఒకసారి మినుకుమని, తర్వాత ఏడుసార్లు వెలగాలి. ఒక్కో మెరుపు ఒక్కో భాగం బాగుందని చెబుతుంది. వరసగా: ముందు రోమ్ చిప్పులు, తర్వాత యూ7 ర్యామ్, యూ8 ర్యామ్, యూ10, యూ11 చిప్పులు, యూ12 టైమర్, చివర సోలెనాయిడ్లకు (ఫ్లిప్పర్ల వంటివాటిని కదిపే కాయిళ్లకు) వెళ్లే 43 వోల్టుల సరఫరా. ఎన్నో మెరుపు రాలేదో అక్కడ వెతకాలి. ఆరు దగ్గర ఆగితే చిప్పులు మార్చకండి. ముందు సోలెనాయిడ్ ఫ్యూజు చూడండి. ఎల్ఈడీ వెలిగి ఆరకుండా ఉండిపోతే రీసెట్ భాగం, లేదా రోమ్ సాకెట్లు.

3వ వారం: పవర్. సోలెనాయిడ్ డ్రైవర్ బోర్డు మీద సీ23 కెపాసిటర్ 11,700 మైక్రోఫారడ్లు, 20 వోల్టులు. ఇంత కాలానికి అది ఎండిపోయి ఉంటుంది, ఆట మధ్యలో రీసెట్ అవడానికి పెద్ద కారణం అదే. 15,000 మైక్రోఫారడ్లు, 25 వోల్టులది వేస్తే సరి. అదే బోర్డులో టీపీ1, టీపీ3 అనే టెస్ట్ పాయింట్లు (మీటరు పెట్టి చూసే చోట్లు) రెండింటిలోనూ 5 వోల్టులు రావాలి. రెంటినీ వెనకవైపు వైరుతో కలిపేస్తే కనెక్టర్ మీద ఆధారపడే బాధ తప్పుతుంది. టీపీ2లో డిస్‌ప్లేలకు వెళ్లే 190 వోల్టులు ఉంటాయి. పొటెన్షియోమీటర్ తిప్పి 170కి తగ్గిస్తే అంకెలు బాగానే కనబడతాయి, గాజు డిస్‌ప్లేలు ఎక్కువ కాలం మన్నుతాయి. పవర్ ఆపాక కూడా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది. మీటరుతో చూడకుండా చెయ్యి పెట్టొద్దు.

అమెరికా యంత్రం ట్రాన్స్‌ఫార్మర్ 120 వోల్టులకు కట్టి ఉంటుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో నేరుగా ప్లగ్గు పెట్టకూడదు. స్కీమాటిక్ చూసి ప్రైమరీ జంపర్లు 230కి మార్చాలి, లేదా స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడాలి.

దీపాలు: 44 నంబరు బల్బు 0.25 ఆంపియర్లు తాగుతుంది, 47 నంబరు 0.15. అన్నీ 47కి మార్చేశాం. రెక్టిఫయర్ బోర్డు (ఏసీని డీసీగా మార్చేది) కనెక్టర్లు నల్లగా మాడేది ఈ కరెంటు వల్లే. మాడిన పిన్నును గీకి వాడితే ఉపయోగం లేదు. బోర్డువైపు పిన్నులు, వైరువైపు టెర్మినళ్లు రెండూ కొత్తవి వేయాలి. ఆట వెలిగించే దీపాలకు ఎల్ఈడీలు పెడితే మినుకుమినుకుమంటాయి. దీపాలకు కరెంటు పంపే ఎలక్ట్రానిక్ స్విచ్ ఎస్సీఆర్ ఆన్‌లో ఉండడానికి కావలసినంత కరెంటు ఎల్ఈడీ లాగదు మరి.

4వ వారం: ఫ్లిప్పర్లు. కాయిల్‌లో రెండు చుట్లు ఉంటాయి. చీటీ మీద 25-500/34-4500 అని ఉంటే, 25 గేజ్ తీగ 500 చుట్లు కొట్టడానికి, 34 గేజ్ తీగ 4,500 చుట్లు పట్టి ఉంచడానికి. ఫ్లిప్పర్ పైకి చేరిన క్షణంలో చివరి స్విచ్ తెరుచుకుని కరెంటును రెండో చుట్టులోకి మళ్లించాలి. స్విచ్ తెరుచుకోకపోతే కాయిల్ కాలిపోతుంది. దాని పాయింట్లు మసిబారితే ఫ్లిప్పర్ నీరసపడుతుంది. పాయింట్లు సన్న ఆకురాయితో శుభ్రం చేసి, పూర్తిగా లేచినప్పుడు సుమారు 3 మిల్లీమీటర్ల సందు వచ్చేలా ఆకును వంచాలి. నైలాన్ స్లీవ్ కొత్తది వేయాలి. నూనె మాత్రం చుక్క కూడా వద్దు. దుమ్ముతో కలిసి జిగురై ప్లంజర్‌ను (కాయిల్ లోపల కదిలే ఇనుప కడ్డీని) పట్టేస్తుంది.

మిగిలింది: చైమ్ (స్కోరుకు మోగే గంట) ప్లంజర్ల నైలాన్ కొనలు, కొత్త 1-1/16 అంగుళాల బంతి, వెనక నిలబడే బొమ్మల గాజు. గాజు లోపలివైపు రంగు పెచ్చులుగా లేస్తోంది. టేపు అంటించొద్దు, తీసినప్పుడు రంగుతో సహా వస్తుంది. పెచ్చులను ముట్టుకోకుండా వెనకనుంచి పారదర్శక పూత పలచగా నాలుగైదు సార్లు కొట్టాలి, పూతపూతకీ మధ్య బాగా ఆరనివ్వాలి.