27 ఏళ్ళలో అయిపోయిన జంతువు: బేరింగ్ ద్వీపంలో మేము వెతికిన కారణాలు

స్టెల్లర్ సముద్రపు ఆవు చివరగా బతికిన కమాండర్ దీవులకు (బేరింగ్ ద్వీపం వాటిలో ఒకటి) బయల్దేరేవాళ్ళు ముందు కాగితాలు సిద్ధం చేసుకోవాలి, ఆ తర్వాత ఓపిక. అవి రష్యా సరిహద్దు మండలంలో ఉన్నాయి కాబట్టి విదేశీయులకు వీసా ఒక్కటే చాలదు, సరిహద్దు దళం అనుమతి విడిగా తీసుకోవాలి. రక్షిత తీరాల్లో తిరగడానికి నేషనల్ పార్కు అనుమతి ఇంకొకటి. కమ్చాత్కాలోని పెట్రోపావ్లోవ్‌స్క్ పక్కనున్న యెలిజోవో విమానాశ్రయం నుంచి బేరింగ్ ద్వీపంలోని నికోల్‌స్కోయె ఊరికి చిన్న విమానం వెళ్తుంది. అది ఎగరాలా వద్దా అన్నది పొగమంచు చేతిలో ఉంటుంది. జూన్, జూలై నెలల్లో మంచు దిగిందంటే రోజుల తరబడి కదలదు. తిరుగు టికెట్టును గట్టి తేదీకి కొనుక్కున్నవాళ్ళందరూ ఇక్కడ ఇబ్బంది పడతారు. రానూ పోనూ రెండువైపులా ఖాళీ రోజులు వదిలిపెట్టుకోవడం తప్ప వేరే ఉపాయం లేదు.

మేము వెళ్ళింది స్టెల్లర్ సముద్రపు ఆవు కోసం. 1741లో శాస్త్రజ్ఞుల కంటబడి, 1768 తర్వాత మళ్ళీ కనిపించకుండా పోయిన జంతువు అది. డుగాంగ్, మనాటీ అనే నీటి క్షీరదాల బంధువే గానీ వాటికంటే ఎన్నో రెట్లు పెద్దది. పొడవు ఎనిమిది మీటర్ల దాకా ఉండేదని, బరువు అనేక టన్నులని అంచనా. అది ఎందుకు అంతరించిందన్న ప్రశ్నకు ఇప్పటికి నాలుగు జవాబులు ఉన్నాయి: వేట, ఆకలి, పాతకాలపు మనుషులు, అంతకంటే పాతదైన వాతావరణం. నాలుగింటికీ సాక్ష్యం ఉంది. పుస్తకంలో చదివితే అన్నీ ఒకే బరువుతో కనిపిస్తాయి. ద్వీపంలో నిలబడి చూస్తే అలా ఉండదు.

నికోల్‌స్కోయెలోని అల్యూట్ (అలాస్కా వైపు అల్యూషియన్ దీవుల మూలవాసులు) మ్యూజియంలో సముద్రపు ఆవు అస్థిపంజరం ఉంది. చూసేవాళ్ళ కళ్ళు ముందు దాని పొడవు మీదికి పోతాయి. మేము మాత్రం పక్కటెముకల దగ్గర ఎక్కువసేపు ఆగాం. నేలమీది జంతువుల ఎముకలో మధ్యన మూలుగ ఉండే గుల్ల ఉంటుంది. ఇక్కడ విరిగిన చోట చూస్తే లోపలంతా గట్టిగా, రాయిలా నిండి ఉంది. డుగాంగ్, మనాటీలు కూడా చేరే సైరేనియన్ వర్గపు జంతువులన్నిటికీ అంతే. నీళ్ళలో తేలిపోకుండా ఆ బరువే అడ్డుకుంటుంది. ఇంత బరువైన ఎముకలున్నా ఈ ఆవు మాత్రం పూర్తిగా మునగలేకపోయేదని, వీపు ఎప్పుడూ నీటిపైనే కనబడుతూ ఉండేదని, దాన్ని బతికుండగా చూసిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు స్టెల్లర్ రాశాడు. అరచేతి వెడల్పంత మందాన కొవ్వు ఉండటం అందుకు ఒక కారణం కావచ్చు. ముందుకాలు మొద్దుగా ఆగిపోతుంది, వేళ్ళ ఎముకలు లేవు. దవడల్లో పళ్ళూ లేవు, ఆకును నలపడానికి కొమ్ములాంటి పదార్థంతో చేసిన పలకలు ఉండేవి. లోతుకు దిగలేదు, వేగంగా పారిపోలేదు, కరవలేదు. తర్వాత వచ్చే వాదనలన్నిటికీ ఈ మూడు విషయాలే ఆధారం.

రష్యా అన్వేషణ యాత్రకు వెళ్ళిన సెయింట్ పీటర్ ఓడ 1741లో కొట్టుకొచ్చిన చోటు ద్వీపం తూర్పు తీరంలో, ఇప్పుడు కమాండర్ అఖాతం అని పిలుస్తున్న చోట ఉంది. యాత్ర నాయకుడు విటుస్ బేరింగ్ 1741 డిసెంబరులో ఇక్కడే చనిపోయాడు. 1991లో రష్యా, డెన్మార్క్ బృందం ఆయన సమాధిని తవ్వి ఎముకలు వెలికితీసింది, మరుసటి ఏడాది మళ్ళీ ఇక్కడే పూడ్చారు. బతికిన 46 మంది పాత ఓడ చెక్కలతోనే చిన్న ఓడ కట్టుకుని 1742 ఆగస్టులో బయటపడ్డారు. వాళ్ళతో ఉన్న గియోర్గ్ స్టెల్లర్ ఒక ఆడ ఆవును కొలిచి, కోసి, పేగుల నుంచి పేల దాకా రాసిపెట్టాడు. ఆయన 1746లో చనిపోయాడు, పుస్తకం 1751లో అచ్చయింది. ఈ జంతువును బతికుండగా చూసి శాస్త్రీయంగా వర్ణించినవాడు ఆయన ఒక్కడే.

వాళ్ళ వేట పద్ధతి స్పష్టంగా తెలుసు. పెద్ద ఇనుప కొక్కేనికి పొడవాటి తాడు కట్టేవాళ్ళు. పడవలో నలుగురైదుగురు తెడ్లు వేస్తుంటే బలమైన ఒకడు ముందు నిలబడి కొక్కేన్ని గుచ్చేవాడు. తాడు రెండో కొస ఒడ్డున ముప్పైమంది చేతుల్లో ఉండేది. 1742 మే నెలలో చేసిన మొదటి ప్రయత్నం విఫలమైంది, తోలు మందంగా ఉండి కొక్కెం దిగలేదు. జూన్ చివరికి గానీ పని కుదరలేదు. ఒకటి దొరికితే మనుషులందరికీ వారాల తరబడి మాంసం ఉండేది, వేసవిలోనూ అది తొందరగా చెడేది కాదు. ఆడ జంతువు చచ్చి ఒడ్డున పడితే మగది వరుసగా రెండు రోజులు దాని దగ్గరికి వచ్చిందని కూడా స్టెల్లర్ రాశాడు. దాడికి భయపడి మంద దూరంగా పోకపోవడం వేటగాళ్ళకు ఎంత సులువో వేరే చెప్పక్కర్లేదు.

ఈ పద్ధతికి ముప్పైమంది కావాలి. సమస్య ఆ తర్వాత మొదలైంది. 1743 నుంచి సముద్రపు నీటికుక్క (సీ ఆటర్) తోళ్ళ కోసం కమ్చాత్కా నుంచి బృందాలు రావడం మొదలుపెట్టాయి. వాళ్ళు ఇక్కడ ఎనిమిది తొమ్మిది నెలలు శీతాకాలం గడిపేవాళ్ళు, అల్యూషియన్ దీవులకు ముందుకు సాగేవాళ్ళు ఈ మాంసాన్నే నిల్వ చేసుకునేవాళ్ళు. ఇద్దరు ముగ్గురు కలిసి ఇనుప మొన పెట్టిన కర్రలతో పొడిచి వదిలేసేవాళ్ళు. పోటు తిన్నది సముద్రంలోకి పోయి అక్కడే చచ్చేది. అలలు ఒడ్డుకు తెచ్చిపెట్టేసరికి చాలావాటి మాంసం కుళ్ళి ఉండేది.

రాగి నిక్షేపాల కోసం వచ్చిన గని ఇంజినీరు ప్యోతర్ యాకోవ్లెవ్ ఇచ్చిన లెక్క ప్రకారం ఒక ఆవు 33 మందికి నెల రోజుల తిండి. దీన్ని పట్టుకుని మేము ఒక లెక్క వేశాం. 50 మంది ఎనిమిది నెలలు ఉంటే కావాల్సింది 12 ఆవులు. ఏటా ఒక్క బృందం చొప్పున ఇరవై ఏళ్ళు వచ్చిందనుకున్నా 240 అవుతాయి. జంతుశాస్త్రజ్ఞుడు స్టెయ్నెగర్ 1880లలో ఈ దీవిలో తిరిగి, 1741లో ఉన్న మొత్తం 1,500కు మించదని అంచనా కట్టాడు. 1,500లో 240 పోతే, అదీ ఇరవై ఏళ్ళకు విస్తరిస్తే, జాతి నిర్మూలం కావాల్సిన పనిలేదు. అంటే వేట వాదమంతా నిలబడేది తిన్న మాంసం మీద కాదు, పొడిచి పోగొట్టుకున్న జంతువుల మీద, ఓడల్లోకి ఎక్కించిన నిల్వల మీద. ఒకటి చేతికి దొరకడానికి నాలుగు పోయాయనుకుంటే లెక్క ఒక్కసారిగా 1,200కు పోతుంది. ఒక్కో ఈతకు ఒక్క పిల్ల, గర్భం ఏడాదికి పైగా అన్న స్టెల్లర్ మాటను దీనికి కలిపితే ఇక కోలుకునే దారి కనబడదు. 2006లో టర్వే, రిస్లీ అనే పరిశోధకులు ఇలాంటి లెక్కనే పూర్తిస్థాయి నమూనాగా చేసి, వేట తట్టుకోగల హద్దుకు ఏడు రెట్లు పైగా సాగిందని తేల్చారు. వేట ఒక్కటే చాలు అన్నది వాళ్ళ తీర్పు.

రెండో జవాబును చూడాలంటే ఆటుపోటు పట్టిక దగ్గర పెట్టుకుని తీరానికి వెళ్ళాలి. నీరు బాగా తీసినప్పుడు రాళ్ళ మధ్య కెల్ప్ అనే పెద్ద సముద్రపు నాచు బయటపడుతుంది. ఇక్కడ నీటి పైభాగాన్ని కప్పే కెల్ప్ ఆకుకు మధ్యన బోలు ఈనె ఉంటుంది, అందులో గాలి గదులు వరుసగా ఉంటాయి. గోరుతో నొక్కితే ఒక్కొక్కటీ విడిగా పగులుతుంది. ఆకును పైకి తేల్చేది ఆ గాలే. మునగలేని ఆవుకు తిండి అందేది ఆ పైపొరలోనే. అవి మేసిన చోట కాడలు, వేళ్ళు ఒడ్డున కుప్పలుగా పడేవని స్టెల్లర్ రాశాడు, కాబట్టి అవి మెత్తని ఆకు తిని గట్టి కాడ వదిలేసేవి.

ఈ కెల్ప్‌కు శత్రువు సీ అర్చిన్ అనే ముళ్ళ జీవి. ఆకు తిని ఊరుకుంటే మొక్క మళ్ళీ చిగురిస్తుంది. అర్చిన్ మాత్రం కింద రాతిని పట్టుకునే పట్టునే కొరికేస్తుంది, మొక్క మొత్తం తేలి పోతుంది. అర్చిన్‌లను అదుపులో ఉంచేది సముద్రపు నీటికుక్క. దానికి కొవ్వు పొర లేదు, ఒంటి వేడి కాపాడుకోవడానికి రోజూ తన బరువులో నాలుగో వంతు దాకా తినాలి. నీటికుక్కలను తీసేస్తే అర్చిన్‌లు పెరిగి, అడుగంతా గులాబీరంగు సున్నపు నాచు తప్ప మరేమీ లేని బోడినేల అవుతుంది. అల్యూషియన్ దీవుల్లో 1990లలో నీటికుక్కలు పడిపోయినప్పుడు అదే జరగడాన్ని జీవశాస్త్రజ్ఞుడు జేమ్స్ ఎస్టెస్ బృందం కళ్ళారా చూసి కొలిచింది. 2016లో వాళ్ళు ఆ కొలతలను ఇక్కడికి వర్తింపజేసి, ఒక్క ఆవును మనుషులు చంపకపోయినా నీటికుక్కల వేటతోనే ఈ జాతి పోయేదన్నారు. బేరింగ్ ద్వీపం చుట్టూ ఇప్పుడు నీటికుక్కలు మళ్ళీ ఉన్నాయి, అందుకే మేము చూసిన చోట కెల్ప్ దట్టంగా ఉంది. అర్చిన్‌లు రాతి పగుళ్ళలో దాక్కుని కనిపించాయి తప్ప బయట గుంపులుగా లేవు.

వాదం చక్కగా ఉంది, మాకు అందులో కష్టమనిపించేది కాలక్రమం. నీటికుక్కలు తగ్గాలి, అర్చిన్‌లు పెరగాలి, కెల్ప్ పోవాలి, మందపాటి కొవ్వున్న పెద్ద జంతువు ఆకలితో చావాలి. ఒకదాని తర్వాత ఒకటి జరగడానికి ఏళ్ళు పడుతుంది. పక్కనున్న మెద్నీ ద్వీపంలో మాత్రం 1754 నాటికే ఆవులు లేవు. వేటగాళ్ళు ఆ ద్వీపానికి రావడం మొదలై అప్పటికి పదేళ్ళు కూడా దాటలేదు. ఇంత వేగం ఆకలికి రాదు, పొడిచే కర్రకు వస్తుంది. కెల్ప్ కూడా పోయి ఉంటే మిగిలినవాటికి తిరిగి పెరిగే అవకాశం లేకుండా చేసి ఉంటుంది, అంతవరకు ఒప్పుకోవచ్చు.

మూడో జవాబు ఈ ద్వీపంలో కనబడనిది. 1741కి ముందు కమాండర్ దీవుల్లో మనుషులు లేరు. ఇప్పుడున్న అల్యూట్ కుటుంబాలను రష్యన్ అమెరికన్ కంపెనీ 19వ శతాబ్దంలో తెచ్చి స్థిరపరిచింది. ఒకప్పుడు ఈ జంతువు జపాన్ నుంచి కాలిఫోర్నియాలోని మాంటెరే అఖాతం దాకా ఉండేదని ఎముకలు చెబుతున్నాయి. మనుషులున్న తీరాలన్నిటా పోయి, మనుషులు లేని రెండు దీవుల దగ్గర మాత్రం మిగలడం కాకతాళీయం అనుకోవడం కష్టం. అలాస్కాకు చెందిన సెయింట్ లారెన్స్ ద్వీపంలో దొరికిన ఎముకలు సుమారు వెయ్యేళ్ళ నాటివని 2014లో తేలింది. వాటిని చంపింది అక్కడి వేటగాళ్ళా, ఆనాటి వేడి వాతావరణమా అన్నది తేలలేదు.

నాలుగోది జన్యువులది. 2021లో రష్యా శాస్త్రవేత్తలు ఈ జంతువు జన్యుపటాన్ని పరిశీలించి, సంఖ్య తగ్గడం దాదాపు 5 లక్షల ఏళ్ళ కిందటే మొదలైందన్నారు. 2022లో వచ్చిన మరో పరిశోధన దాని చెట్టు బెరడులాంటి తోలుకు కారణమైన జన్యువులను గుర్తించింది. 2021 నాటి ఫలితాన్ని కొందరు మనిషికి నిర్దోషిత్వపత్రంలా వాడుకోవడం మాకు నచ్చలేదు. 5 లక్షల ఏళ్ళు తగ్గుతూ కూడా బతికిన జాతి 27 ఏళ్ళలో ఎందుకు పోయిందో ఆ పటం చెప్పదు. చిన్న గుంపుగా ఎందుకు మిగిలిందో మాత్రమే చెబుతుంది.

2017లో ఇదే ద్వీపం ఒడ్డున దాదాపు మొత్తం అస్థిపంజరం బయటపడింది. 45 వెన్నుపూసలు, 27 పక్కటెముకలు దొరికాయి, తల లేదు. అలాంటిది దొరికినప్పుడల్లా ఇక ప్రశ్న తేలిపోతుందని పత్రికలు రాస్తాయి. తేలదు. సముద్రపు జంతువు ఎముకలోకి చేరే కార్బన్ పాతది కాబట్టి రేడియోకార్బన్ వయసును వందల ఏళ్ళ మేర సరిచేయాల్సి వస్తుంది. 1741లో చచ్చినదానికీ 1768లో చచ్చినదానికీ తేడా ఆ పద్ధతి పట్టుకోలేదు. పైగా చాలా మ్యూజియంలలోని అస్థిపంజరాలు వేర్వేరు జంతువుల ఎముకలతో కూర్చినవి. ఆ 27 ఏళ్ళ ముందు వెనుకలను విడదీయగలిగేది కాగితాలే. వాటిలో అన్నిటికంటే గట్టిది యాకోవ్లెవ్ రాసినది: మెద్నీలో ఆవులు అప్పటికే అయిపోయాయని చెప్పి, బేరింగ్ ద్వీపంలోనైనా వేట ఆపించమని 1755 నవంబరులో కమ్చాత్కాలోని బోల్షెరెత్స్క్ కార్యాలయానికి అర్జీ పెట్టాడు. కళ్ళముందు చూసినవాడికి కారణం గురించి సందేహం లేదు. నిషేధం రాలేదు, బృందాలు ఆ తర్వాత కూడా వస్తూనే ఉన్నాయి.