నైవాషా సరస్సు దగ్గర ఓ వీకెండ్

ఆఫీస్ పని మీద కెన్యా రాజధాని నైరోబీలో ఉన్నవాళ్ళకి వీకెండ్ ఖాళీ దొరికిందంటే అందరూ మసాయి మారా సఫారీకి వెళ్ళమనే చెప్తారు. కానీ అది రోడ్డు మీద ఐదారు గంటలు, వెళ్ళాక మళ్ళీ చీకటితోనే లేచి జీపెక్కి సింహం ఎక్కడుందా అని తిరగాలి. వారమంతా మీటింగులతో బుర్ర వేడెక్కిపోయి ఉన్నా కదా, నాక్కావాల్సింది పరుగు కాదు. అందుకే నైవాషా వెళ్ళా.

నైరోబీ నుంచి 90 కిలోమీటర్లు ఉంటుందేమో, అంతే. దారిలో ఒకచోట రోడ్డు పక్కన నేల ఒక్కసారిగా తెగిపోయినట్టు కిందకి దిగిపోతుంది, అదే రిఫ్ట్ వ్యాలీ, అంటే భూమి పగిలి ఏర్పడ్డ పెద్ద లోయ. అవతల లాంగొనాట్ అగ్నిపర్వతం కనిపిస్తుంది. అక్కడ కార్ ఆపకుండా వెళ్ళకండి.

రిఫ్ట్ వ్యాలీలో చాలా సరస్సులు ఉప్పునీళ్ళవి, నైవాషా మాత్రం మంచినీళ్ళది. పైకి చూస్తే నీళ్ళు బయటికి పోయే దారే ఉండదు, భూమి లోపలినుంచే ఊరి వెళ్ళిపోతాయంట, అందుకే ఉప్పు పేరుకోదు. చుట్టూ గులాబీ తోటల గ్రీన్‌హౌస్‌లు కూడా ఆ నీళ్ళ మీదే బతుకుతున్నాయ్. ఒడ్డున పసుపుపచ్చ బెరడుతో పెద్ద పెద్ద తుమ్మ జాతి చెట్లు, ఫీవర్ ట్రీ అంటారు. తడి నేలల్లో పెరుగుతాయి, అక్కడే దోమలూ ఉంటాయి, పాపం పాతకాలంలో వచ్చిన యూరోపియన్లు జ్వరానికి కారణం ఈ చెట్లే అనుకున్నారు.

పడవలో వెళ్తుంటే హిప్పోల గుంపు కనిపించింది. నీళ్ళ మీద చెవులు, కళ్ళు, ముక్కు అంతే, మిగతా అంతా లోపలే. ఒక్కోటి పైకి రాగానే భుస్సుమని గాలి వదిలి చెవులు గిరగిరా విదిలించుకుంటుంది. పడవతను దూరంగానే ఇంజిన్ ఆపేశాడు, మంచి పని చేశాడు, అవి చూడ్డానికి బద్ధకంగా ఉంటాయి గానీ మీదకొస్తే పడవ తిరగబడుతుంది. ఫిష్ ఈగిల్‌కి (చేపలు పట్టే గద్ద) చేప విసిరి ఫొటో తీయిస్తా అన్నాడు, నేనే వద్దన్నా. కాసేపు ఆగితే అదే వచ్చి తన చేప తను పట్టుకుంది, నాకు అలా చూడ్డమే ఇష్టం.

అసలు నేను వెళ్ళింది ఆ సరస్సులోనే ఉన్న క్రెసెంట్ ఐలాండ్ కోసం. అక్కడ సింహాలు, చిరుతలు లేవు కాబట్టి జీపు లేకుండా నడిచి తిరగొచ్చు. పడవ దిగి గడ్డిలో నడుస్తుంటే జీబ్రాలు తలెత్తి చూసి మళ్ళీ మేతలో పడిపోయాయ్. కొంచెం ముందుకెళ్తే జిరాఫీ, మధ్యలో ఏ కంచే లేదు. నల్లగా నీలంగా ఉన్న నాలుక చాచి, అంత పొడుగు ముళ్ళ మధ్యలోంచి ఒక్కో ఆకూ ఏరుకుని తింటోంది, మెడ మీద చిన్న పిట్టలు పురుగులు ఏరుకుంటూ పైకీ కిందకీ పాకుతున్నాయి. అది నడిచినప్పుడు ఒక పక్కవి రెండు కాళ్ళూ కలిసి కదుల్తాయి, జీపులోంచి చూస్తే ఇది పట్టించుకోం. అక్కడే కూర్చుండిపోయా, ఎంతసేపో తెలీదు, ఫోన్ తీయాలనే అనిపించలేదు.

రాత్రి లాడ్జ్‌లో భోజనం అయ్యాక రూమ్‌కి ఒంటరిగా వెళ్ళనివ్వరు, అస్కారి (అక్కడ వాచ్‌మన్‌ని అలాగే పిలుస్తారు) టార్చ్ పట్టుకుని తోడొస్తాడు. ఎందుకంటే చీకటి పడ్డాక హిప్పోలు నీళ్ళలోంచి లాన్ మీదకి మేతకొస్తాయి. కిటికీ పక్కన పడుకుని వింటుంటే పెదాలతో గడ్డి పీకే పరపర శబ్దం, మధ్యలో ఒక నిట్టూర్పు లాంటిది. ఆ శబ్దం వింటూనే నిద్రపోయా, ఆ ట్రిప్ మొత్తంలో అంత బాగా పడుకున్న రాత్రి ఇంకోటి లేదు.

వెళ్ళేవాళ్ళు పడవ మాత్రం పొద్దున్నే ఎక్కండి, మధ్యాహ్నం దాటితే గాలి లేచి అలలు ఎక్కువవుతాయ్. స్వెట్టర్ కూడా పెట్టుకోండి, 1,880 మీటర్ల పైన ఉన్న సరస్సు, సాయంత్రానికి బాగా చలేస్తుంది.