సావర్‌క్రౌట్ వండబోయి బంగాళాదుంప చేతిలో ఓడిపోయాను

జర్మనీలోని స్టుట్‌గార్ట్‌కు వచ్చి మూడేళ్లయినా, మొన్న శనివారం వరకు ఇంట్లో సావర్‌క్రౌట్ వండే సాహసం చేయలేదు. సన్నగా తరిగిన క్యాబేజీకి ఉప్పు పట్టించి, వెనిగర్ చుక్కైనా వేయకుండా దాని నీటిలోనే కొన్ని వారాలు పులియబెడితే సావర్‌క్రౌట్ అవుతుంది. ఆ శ్రమ నేను పడలేదు. ఈ ఊరికి దక్షిణాన ఉన్న ఫిల్డర్ మైదానంలో పండే మొన తేలిన క్యాబేజీతో చేసినది సంతలో దొరికితే అరకిలో తెచ్చుకున్నాను.

దీనిలో వేసే క్యుమ్మెల్ మన జీలకర్ర కాదు, షాజీరాకు దగ్గరి చుట్టం. మన సరుకులమ్మే దుకాణదారు "రెండూ ఒకటేనండీ" అంటూ జీలకర్ర అంటగట్టబోయాడు కానీ, వాసన చూసి వెనక్కి ఇచ్చేశాను. ఈ విషయంలో నా ముక్కును ఎవరూ మోసగించలేరు.

పంది కొవ్వులో ఉల్లిపాయ మగ్గించి, సావర్‌క్రౌట్, ఒక పుల్లటి ఆపిల్, బిర్యానీ ఆకు, అయిదారు జూనిపర్ గింజలు, క్యుమ్మెల్, ఒక గ్లాసు రీస్లింగ్ వైన్ వేసి, మూతపెట్టి సన్నని సెగ మీద ఉంచాను.

అంతవరకు బాగానే ఉంది. చివరి పావుగంటలో ఒక చిన్న పచ్చి బంగాళాదుంపను తురిమి వేస్తే రసం చిక్కబడుతుందని నాతో పనిచేసే ఆవిడ రాసిచ్చారు. తురమడం ఎందుకని, కూర నిండుగా ఉంటుందని, నాలుగు దుంపలను ముక్కలు కోసి మొదట్లోనే కలిపేశాను. గంట గడిచేసరికి క్యాబేజీ మెత్తబడింది కానీ ముక్కలు గులకరాళ్లలా ఉన్నాయి. నీళ్లు పోసి మరో అరగంట ఉడికిస్తే ఆపిల్ ఆనవాలు లేకుండా కరిగిపోయింది, క్యాబేజీ ముద్దయింది, దుంప మాత్రం లొంగలేదు. ఇంతలో నేనే భోజనానికి పిలిచిన పై అంతస్తు పెద్దావిడ రానే వచ్చారు. ఆవిడ మొదటి ముక్క కొరికినప్పుడు వచ్చిన కటుక్కుమనే శబ్దం నా చెవిలో ఇంకా ఉంది. దాన్ని పళ్లెం అంచున పెట్టి, ఎగతాళి ఏమీ లేకుండా, "మీ దేశంలో బంగాళాదుంపను ఇలాగే తింటారా?" అని అడిగారు.

పులుపు తగిలితే ముక్క ఉడకదని నాకు తెలియనిది కాదు. ఆనపకాయ ముక్క మెత్తబడకముందే చింతపండు రసం పోసిందని ఒకప్పుడు తోడికోడలిని నలుగురిలో మందలించినదాన్ని నేనే. కూరగాయ ముక్కను గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థం పులుపులో తొందరగా కరగదు. పులుపు చింతపండుదైనా, పులిసిన క్యాబేజీదైనా ఒకటే.

ఆదివారం మళ్లీ వండాను. సావర్‌క్రౌట్‌ను మూడుసార్లు కడిగి పిండమని వీడియోల్లో చెప్పేవారి మాట వినకండి, రుచంతా నీళ్లపాలవుతుంది. ముందు నోట్లో వేసుకుని చూసి, మరీ ఉప్పగా ఉంటేనే ఒక్కసారి కడగండి, ఉప్పు మాత్రం ఆఖరున చూసి వేయండి. ఈసారి దుంపను బుద్ధిగా తురిమాను, ముక్కలను వేరుగా ఉడికించి పక్కన పెట్టాను. ఒక గిన్నెడు పైకి తీసుకెళ్లి ఇస్తే పెద్దావిడ సంతోషించారు కానీ, తినే ముందు ఫోర్కుతో గిన్నె అడుగుదాకా ఒకసారి వెతికి చూశారు.